గజ్జి పట్టిన ఎలుగుబంటి బిగ్‌ఫుట్ ఎలా అయింది?

హాస్టల్‌లో రాత్రి పదకొండున్నరకి కరెంటు పోతే ఏం చేస్తారు? మా రూమ్‌లో అయితే దెయ్యాల కథలు మొదలవుతాయి. పోయిన సెమిస్టర్‌లో అలాంటి ఒక రాత్రి నా రూమ్మేట్ ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. బ్లాక్ అండ్ వైట్‌లో అడవి. మధ్యలో నాలుగు కాళ్ల మీద వంగి ఉన్న ఒక బక్కపల్చటి జీవి. పొడవాటి చేతులు, పొడవాటి కాళ్లు, తల కిందికి వంచి ఉంది. అచ్చం చింపాంజీలా ఉంది. కింద "అమెరికా అడవిలో బిగ్‌ఫుట్ పిల్ల" అని రాసి ఉంది.

నేను నమ్మేశాను. నమ్మి ఊరుకోలేదు, వెంటనే ఫ్యామిలీ గ్రూప్‌లో ఫార్వర్డ్ కూడా చేశాను. అమెరికాలో చింపాంజీలు ఉండవు కదా, కాబట్టి ఇది కొత్త జీవే అన్నది నా లాజిక్. సీఎస్ఈ చదివే అమ్మాయి లాజిక్ అది!

సంక్రాంతికి మా అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లినప్పుడు తాతయ్య ఆ ఫొటో గురించి అడిగారు. వాళ్లది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడ జీడితోటల్లోకి, కొబ్బరితోటల్లోకి ఎలుగుబంట్లు రావడం మామూలే. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "ఇది ఎలుగు కాదేటమ్మా? గజ్జి పట్టీసి బొచ్చంతా ఊడిపోనాది. పాపం, ఎన్నాళ్లు బతుకుతాదో" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత కూర్చుని ఆ ఫొటో గురించి చదివాక మాత్రం నవ్వు ఆగిపోయింది. నేను ఎక్కడెక్కడ తప్పు చేశానో చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు ఫొటో కథ

ఆ ఫొటో 2007 సెప్టెంబర్‌లో తీసింది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, అలెగెనీ నేషనల్ ఫారెస్ట్ ప్రాంతం. ఒక వేటగాడు జింకలు ఏ దారిన వస్తున్నాయో తెలుసుకోవడానికి చెట్టుకి ట్రైల్ కెమెరా కట్టాడు. జింకల్ని రప్పించడానికి ఎదురుగా ఖనిజ లవణాల ఎర పెట్టాడు. కొన్నాళ్లకి మెమరీ కార్డు తీసి చూస్తే ఈ వింత జీవి కనిపించింది.

బిగ్‌ఫుట్ కోసం వెతికే ఒక సంఘం ఇది బిగ్‌ఫుట్ పిల్ల అయి ఉండొచ్చంది. ఆ రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ మాత్రం ఇది తీవ్రంగా మేంజ్ పట్టిన ఎలుగుబంటి అని చెప్పింది. ఫార్వర్డ్ మెసేజ్‌లో మొదటి ముక్కే ఉంది, రెండోది లేదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి కూడా లేదు. అదే కెమెరా, అదే రాత్రి, సుమారు అరగంట ముందు తీసిన ఫొటోల్లో ఎలుగుబంటి పిల్లలు ఉన్నాయి.

ఒక్క ఫ్రేమ్ కత్తిరించి చూపిస్తే మిస్టరీ. సీక్వెన్స్ మొత్తం చూస్తే అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతున్నాయని అర్థమవుతుంది. మిస్టరీ సగం ఆ కత్తిరింపులోనే పుట్టింది.

ఈ కెమెరా ఏం చూస్తుంది?

ట్రైల్ కెమెరా రోజంతా వీడియో తీస్తూ కూర్చోదు. అందులో పీఐఆర్ సెన్సార్ ఉంటుంది. మన ఏటీఎం గదుల్లో, ఆఫీస్ కారిడార్లలో మనిషి రాగానే లైటు వెలిగించేది కూడా ఇదే రకం. దాని ముందు నుంచి చుట్టుపక్కల కన్నా వెచ్చగా ఉన్న వస్తువు కదిలితే సెన్సార్ మీద పడే ఇన్‌ఫ్రారెడ్ మారుతుంది. అప్పుడు కెమెరా నిద్ర లేచి క్లిక్‌మనిపిస్తుంది. నిద్ర లేవడానికి కొంచెం టైం పడుతుంది కాబట్టి, జంతువు ఆ క్షణానికి ఏ భంగిమలో ఉంటే అదే మనకి దొరుకుతుంది. మంచి పోజు కోసం అది ఆగదు కదా.

రాత్రి పూట ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి. ఆ కాంతి మన కంటికి కనబడదు. దానితో ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుంది, అంటే రంగు అనే సమాచారం మొత్తం పోయినట్టే. వెలుతురు తక్కువ కాబట్టి షట్టర్ ఎక్కువ సేపు తెరిచి ఉంటుంది, కదిలే కాళ్లు అలికినట్టు అవుతాయి. ఒకే వైపు నుంచి లైటు పడడం వల్ల శరీరం గుండ్రంగా కాకుండా చదునుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద సమస్య, మూడు డైమెన్షన్ల జంతువు రెండు డైమెన్షన్ల బొమ్మ అయిపోవడం. కెమెరా వైపు చాచిన కాలు పొట్టిగా, అడ్డంగా చాచిన కాలు పొడుగ్గా కనిపిస్తుంది. నమ్మకం లేకపోతే ఫోన్ కెమెరా ముందు మీ చెయ్యి చాచి చూడండి.

ఈ ఫొటో చింపాంజీదే అన్నవాళ్లు ఎక్కువగా చేతులు, కాళ్ల నిష్పత్తులనే చూపించారు. కానీ ఏ కీలు ఎక్కడుందో కచ్చితంగా తెలియకుండా, ఏ కాలు ఏ కోణంలో ఉందో తెలియకుండా పిక్సెళ్లు లెక్కపెడితే వచ్చే నంబర్‌కి ఎంత విలువ? రెండు దశాంశ స్థానాలు వేసి రాస్తే సైన్స్‌లా కనిపిస్తుంది, అంతే. ఇన్‌పుట్ తప్పైతే అవుట్‌పుట్ కూడా తప్పే అని మా ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లోనే చెప్పారు.

ఎలుగుబంటి కోతిలా ఎందుకు కనిపించింది?

మేంజ్ అనే మాటకి అర్థం నేను గూగుల్‌లో వెతుక్కున్నాను. సార్కాప్టిస్ స్కేబియై అనే చిన్న పురుగు వల్ల వచ్చే చర్మవ్యాధి. పురుగు సైజు అర మిల్లీమీటర్ కూడా ఉండదు. చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. భరించలేని దురద. గీరి గీరి బొచ్చు ఊడిపోతుంది, చర్మం మందమై పెచ్చులు కడుతుంది, జంతువు తిండి సరిగ్గా తినలేక చిక్కిపోతుంది. ఇదంతా చదివాక గానీ నాకు వెలగలేదు, తాతయ్య ఒక్క మాటలో చెప్పింది ఇదేనని. గజ్జి! మన వీధుల్లో గజ్జికుక్కని చూడని వాళ్లు ఎవరు? మనుషులకి వచ్చే గజ్జి కూడా ఇదే జాతి పురుగు వల్లే వస్తుంది. పెన్సిల్వేనియా నల్ల ఎలుగుబంట్లలో ఇది బాగా తెలిసిన జబ్బు.

ఎలుగుబంటి అనగానే మన బుర్రలో వచ్చే గుండ్రటి ఆకారంలో చాలా భాగం బొచ్చూ కొవ్వే. ఆ రెండూ తీసేస్తే లోపల సన్నటి నడుము, పొడవాటి కాళ్లు ఉంటాయి. జర్మనీలోని లైప్‌జిగ్ జూలో డోలోరెస్ అనే కళ్లజోడు ఎలుగుబంటి ఉండేది. 2009లో దాని బొచ్చు ఊడిపోయిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. వెతికి చూడండి, అది ఎలుగుబంటి అని తెలిసి కూడా నమ్మబుద్ధి కాదు.

ఇంకో విషయం, ఎలుగుబంటి కుక్కలా, పిల్లిలా వేళ్ల మీద నడవదు. మనలాగే మడమ నేలకి ఆనించి నడుస్తుంది. అందుకే దాని వెనక కాలు మనిషి పాదంలా కనిపిస్తుంది. "మడమ ఉంది కాబట్టి కోతి" అన్న వాదన ఇక్కడ చెల్లదు. రెండింటికీ ఉన్న లక్షణం రెండింటిని వేరు చెయ్యలేదు. వేరు చెయ్యగలిగేవి ముఖం, చెవులు. ఈ ఫొటోలో ముఖమే స్పష్టంగా కనిపించదు.

కొంచెం ప్రాబబిలిటీ

బేయిస్ సిద్ధాంతం పరీక్షకి బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మర్చిపోయాం కదా. ఇక్కడ పనికొస్తుంది. కింది నంబర్లు అర్థం కావడానికి నేను అనుకున్నవే.

"అక్కడ నిజంగా తెలియని కోతి జాతి ఉంటే ఇలాంటి ఫొటో వచ్చే అవకాశం, గజ్జి ఎలుగు ఉంటే వచ్చే అవకాశం కన్నా 10 రెట్లు ఎక్కువ" అని ఉదారంగా ఒప్పుకుందాం. అయితే ఫొటో చూడకముందు ఒక ప్రశ్న ఉంది. ఆ అడవిలో, ఆ ఎర దగ్గరికి ఏ జంతువు వచ్చే అవకాశం ఎంత? గజ్జి ఎలుగుతో పోలిస్తే తెలియని కోతి వచ్చే అవకాశం 10 లక్షల్లో ఒక వంతు అనుకుందాం. దాన్ని 10తో గుణిస్తే లక్షలో ఒక వంతు. ఫొటో మన నమ్మకాన్ని పది రెట్లు పెంచింది, నిజమే. పెంచినా అది లక్షలో ఒక వంతే.

10 లక్షల్లో ఒకటి అనడం అన్యాయమా? చూద్దాం. ఏప్ అంటే చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ లాంటి తోక లేని కోతి జాతులు. మనిషిని పక్కన పెడితే, అమెరికా ఖండాల్లో వాటి శిలాజం ఒక్కటి కూడా దొరకలేదు. పెన్సిల్వేనియాలో ఏటా వేటగాళ్లు వేలల్లో ఎలుగుబంట్లని వేటాడతారు, వాటిని చెక్ స్టేషన్‌కి తీసుకెళ్లి అధికారులకి చూపించాలి. ఇన్నేళ్లలో ఒక్క కోతి శవం రాలేదు, రోడ్డు మీద కారు కింద పడింది లేదు. ఒక్క పిల్ల ఉందంటే తల్లి, తండ్రి, తాతలు, ఒక గుంపు మొత్తం ఉండాలి కదా.

మరి కొత్త జీవులు దొరకవా?

దొరుకుతాయి! సైన్స్ తలుపులు మూసుకుని కూర్చోలేదు. 2017లోనే టపనూలి ఒరాంగుటాన్ అనే కొత్త ఏప్ జాతిని సుమాత్రాలో గుర్తించారు. వాళ్ల దగ్గర ఉన్నది మసక ఫొటో కాదు. పుర్రె, దంతాల కొలతలు, 37 ఒరాంగుటాన్‌ల జీనోమ్‌లు ఉన్నాయి. వియత్నాంలో సావోలా అనే అరుదైన జంతువు 2013లో కెమెరా ట్రాప్‌కి చిక్కింది. ఆ ఫొటోని నమ్మారు, ఎందుకంటే సావోలా కొమ్ములు, ఎముకలు అంతకుముందే శాస్త్రవేత్తల దగ్గర ఉన్నాయి.

బిగ్‌ఫుట్, యతి వైపు కూడా పరీక్షలు జరిగాయి. 1976లో ఎఫ్‌బీఐకి కొన్ని వెంట్రుకలు పంపితే అవి జింక జాతివని తేలింది. 2017లో యతివి అని చెప్పిన 9 నమూనాలకి డీఎన్ఏ పరీక్ష చేస్తే 8 ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. మళ్లీ ఎలుగుబంటే!

మనమేం తక్కువ కాదు. అదే 2017లో విశాఖపట్నంలో కట్టుబడి జరుగుతున్న బిల్డింగ్‌లో గ్రహాంతరవాసులు దొరికారని ఒక వీడియో తిరిగింది గుర్తుందా? తెల్లటి ముఖాలతో నిటారుగా నిలబడిన ఆ మూడూ గుడ్లగూబ పిల్లలు. ఈకలు పూర్తిగా రాలేదు, అంతే. బొచ్చు ఊడితే బిగ్‌ఫుట్, ఈకలు రాకపోతే ఏలియన్!

మా మోడల్, మా తాతయ్య

మన దేశంలో 2018 పులుల లెక్కింపులో 26,838 చోట్ల కెమెరా ట్రాప్‌లు పెట్టారు. వన్యప్రాణుల ఫొటోలు 3,48,58,623 వచ్చాయి. అందులో పులులవి 76,651. ఇన్ని ఫొటోలు మనుషులు ఒక్కొక్కటీ చూడలేరు కాబట్టి జాతుల వారీగా విడదీయడానికి ఏఐ సాఫ్ట్‌వేర్ వాడారు.

మేం కూడా మినీ ప్రాజెక్టులో కుక్క, పిల్లి అని రెండే క్లాసులతో ఒక చిన్న మోడల్ చేశాం. సరదాగా నా రూమ్మేట్ ఫొటో ఇస్తే "కుక్క" అంది, అదీ చాలా కాన్ఫిడెంట్‌గా. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కారణం సింపుల్. చివరి లేయర్‌లో సాఫ్ట్‌మాక్స్ ఉంటుంది, అన్ని క్లాసుల స్కోర్లు కలిపి 1 అవ్వాలి. "నాకు తెలీదు" అనే క్లాసు మనం ఇవ్వకపోతే అది ఆ మాట అనలేదు. ఉన్నవాటిలో దగ్గరగా అనిపించినదాన్ని గట్టిగా చెబుతుంది.

ఆ రాత్రి నా బుర్ర కూడా అదే చేసింది. నా ట్రైనింగ్ డేటాలో ఎలుగుబంటి అంటే జూలో చూసినది, కార్టూన్‌లో చూసినది, అన్నీ బొద్దుగా ఉన్నవే. చిక్కిపోయిన ఎలుగు లేదు. కాబట్టి "చింపాంజీ", అది కుదరకపోతే "బిగ్‌ఫుట్" అంది. తాతయ్య డేటాలో రెండూ ఉన్నాయి, ఎలుగూ గజ్జీ. అలాగని తాతయ్య చెప్పారు కాబట్టి నిజం అని నేను అనను. ఆయన డేటాలో చింపాంజీ లేదు కదా, ఆయనకి ఏది చూపించినా ఎలుగే అనొచ్చు! కమిషన్ మాట, అరగంట ముందు ఫొటోలు, జబ్బు లక్షణాలు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి నమ్ముతున్నాను. రేపు ఎవరైనా ఎముకో, డీఎన్ఏనో తెస్తే మళ్లీ మార్చుకుంటాను.

అందుకే ఇప్పుడు ఏ ఫొటో వచ్చినా ఫార్వర్డ్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. దీనికి ముందూ వెనకా ఫొటోలు ఏవి? అక్కడ మామూలుగా ఉండే జంతువులు ఏవి, వాటికి జబ్బు చేస్తే, తడిస్తే, పిల్లలైతే ఎలా ఉంటాయి? నేను చూపిస్తున్న లక్షణం రెండింటిని నిజంగా వేరు చేస్తుందా?

ఫ్యామిలీ గ్రూప్‌లో "సారీ, అది ఎలుగుబంటి" అని పెట్టాను. మొదటి మెసేజ్‌కి పద్దెనిమిది రియాక్షన్లు వచ్చాయి, దీనికి రెండు. ఒకటి అమ్మది.

ఇన్ని చదివాక కూడా నాకు తాతయ్య అన్న రెండో మాటే గుర్తొస్తోంది. ఆ ఫొటో చూసి మేమందరం "ఏంటిది?" అని అడిగాం. "పాపం" అన్నది ఆయనొక్కరే. 2007లో ఆ రాత్రి ఆ కెమెరా ముందుకి వచ్చింది ఒక జబ్బుపడ్డ జంతువు. అది చలికాలం దాటిందో లేదో నాకు తెలియదు. దాని ఫొటో మాత్రం ఇంకా బతికే ఉంది, వేరే పేరుతో.