కోవిడ్ వార్డు నుంచి వచ్చిన నర్సుకు నిద్ర ఎందుకు పట్టలేదు?

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి ఆ ఏడు మే 12కు సరిగ్గా 200 ఏళ్లు. సన్మానాలు జరగాల్సిన రోజున బెంగళూరులో, చెన్నైలో, బరంపురంలో, సోలాపూర్‌లో నర్సులు పీపీఈ కిట్లలో చెమటకు తడిసిపోతూ కోవిడ్ వార్డుల్లో ఉన్నారు. వాళ్లలో మన ఇళ్ల ఆడపిల్లలూ ఉన్నారు. డ్యూటీ దిగాక కొందరు క్వారంటైన్‌లో హాస్టల్ గదుల్లో గడిపారు. ఇంటికి వచ్చినవాళ్లు పడుకునేవారు గానీ నిద్రపోయేవారు కాదు.

భయం వల్ల అనుకున్నాం. భయం నిజమే, ముఖ్యంగా తన వల్ల ఇంట్లో పెద్దవాళ్లకు అంటుకుంటుందేమోనని. కానీ అదొక్కటే కాదు.

మన మెదడులో ఒక గడియారం ఉంటుంది. దాన్ని నడిపేది వెలుతురు. చీకటి పడితే మెలటోనిన్ ఊరుతుంది, ఒంటి వేడి కాస్త తగ్గుతుంది, నిద్ర వస్తుంది. నైట్ డ్యూటీ దిగి ఎండలో ఇంటికి వచ్చే నర్సుకు ఆ గడియారం తెల్లారిందని చెబుతుంది. అందుకే పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే పొట్టిగా, పలచగా ఉంటుంది. వారం నైట్, వెంటనే మార్నింగ్ అంటే గడియారం ఎటూ సర్దుకోలేదు. కోవిడ్‌లో తోటి సిస్టర్లు జబ్బుపడినప్పుడల్లా ఉన్నవాళ్ల రోస్టర్ మారిపోయేది. రేపు ఏ షిఫ్టో తెలియని మనిషి ఎప్పుడని కన్ను మూస్తుంది?

దానికి తోడు కిట్టు. వేసుకుంటే గంటల తరబడి నీళ్లు లేవు, బాత్రూంకు వెళ్లడం లేదు. ఇంటికొచ్చి దాహం కొద్దీ చెంబెడు తాగితే, ఆ వచ్చిన కాస్త నిద్రలోంచీ మూత్రానికి లేవాల్సిందే.

నిద్ర ఎలా ఉందో కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది 1989 నాటి పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి. గడచిన నెల గురించి 19 ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు. ఇక్కడ మార్కులు పెరిగితే నష్టం: 5 దాటితే నిద్ర బాగాలేదని లెక్క. మామూలుగా ఎన్నింటికి పడుకుంటారు అని అది మొదటే అడుగుతుంది. షిఫ్టులు మారే నర్సుకు ‘మామూలుగా’ అన్నదే లేదు కదా!

ఇది ఆమె ఒక్కదాని ఇబ్బంది కాదు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 30. మధ్యాహ్నం రెండింటికి నిద్ర లేచి రాత్రి డ్యూటీకి వెళ్లిన నర్సుకు మర్నాడు ఉదయం ఏడింటికి 17 గంటలు నిండుతాయి. సరిగ్గా ఇంజెక్షన్లు ఇచ్చి, డ్యూటీ అప్పగించి, స్కూటీ ఎక్కే వేళ అది.

మన ఇళ్లలో పగలు పడుకుంటే దరిద్రమంటారు. ఈ మాటను ఆమె విషయంలో పక్కన పెట్టాలి. కిటికీకి మందపాటి తెర, తలుపు మూత, ఆమె ఫోన్ వేరే గదిలో. చుట్టాలొస్తే లేపకూడదు. ‘ఇంట్లోనే ఉందిగా, కాస్త కూర తరిగిపెడుతుంది’ అనుకోవడం మనందరికీ ఉన్న అలవాటే, అత్తగారింట్లో అయితే మరీను. తెల్లవారుజామున వార్డులో తాగే టీ కూడా మానడం మంచిది: అందులోని కెఫీన్ సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

వారానికి మూడు రోజుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే డాక్టరును కలవాలి. ఆసుపత్రిలో పనిచేస్తుంది కాబట్టి మాత్ర చేతికి సులువుగా అందుతుంది. సొంతంగా వేసుకోకుండా చూడండి. ఇక రోస్టర్ ఇంట్లో మన చేతిలో లేనిది. షిఫ్టు మార్చక తప్పకపోతే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో ముందుకు జరిపితే ఒళ్లు తొందరగా అలవాటుపడుతుంది. నైట్ తర్వాత రెండు రోజులు సెలవు ఉంటే మరీ మంచిది. ఈ రెండూ ఇన్‌చార్జి సిస్టర్‌ను అడగదగ్గవే.