గ్యాస్ అయిపోయిందా? దుమ్ము పట్టిందా?

ఖరగ్‌పూర్‌లో వేసవి ముదిరితే పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి అంచున, లేటరైట్ నేల మీద వెలసిన ఊరది. ఇందా లాంటి రద్దీ పేటల్లో గాలి లేచిందంటే ఎర్రటి దుమ్ము కిటికీలతో పాటు ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకూ పడుతుంది. ఇంట్లో చల్లదనం తగ్గగానే మెకానిక్‌కు కబురు వెళ్తుంది. "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అన్న మాట ఏ ఊళ్లోనైనా అప్పుడు తరచూ వినిపించేదే. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి కాస్త భౌతికశాస్త్రం కావాలి. ఏసీ సర్వీసింగ్‌లో శిక్షణ, ధ్రువపత్రం అవసరమయ్యేది ఇక్కడే.

వేడిని మోసే యంత్రం

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది. లోపలి కాయిల్‌లో శీతలీకరణ ద్రవం మరిగి ఆవిరవుతూ గది గాలి నుంచి వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి కాయిల్‌కు పంపుతుంది. అక్కడ ఆవిరి వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ ఇలా సెకనుకు సుమారు 5,250 జౌళ్ల వేడిని తరలించగలదు. ఈ 'టన్ను' మంచుగడ్డల కాలం నాటి కొలత. సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి కావలసిన వేడి లెక్క అది.

ఈ ద్రవం మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. స్కూటర్‌లో పెట్రోలులా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు వెతికి మూయకుండా నింపితే సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

రెండు జబ్బులు, ఒకే లక్షణం

చిక్కంతా ఇక్కడే ఉంది. లోపలి కాయిల్ ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము సులువుగా అంటుకుంటుంది, బూజు పెరుగుతుంది. అలర్జీ, ఉబ్బసం ఉన్నవారికి ఆ బూజు ఇబ్బంది. ఫిల్టరు, కాయిల్ పూడుకుపోతే గాలి సరిగా ఆడదు, ద్రవానికి అందాల్సిన వేడి అందదు. దాంతో లోపలి కాయిల్ మరీ చల్లబడి మంచు కడుతుంది, గేజ్‌లో పీడనం తగ్గుతుంది. గ్యాస్ తగ్గినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కేవలం గేజ్ చూసి గ్యాస్ నింపితే, తర్వాత ఎప్పుడో కాయిల్ శుభ్రం చేసినప్పుడు లోపల మోతాదుకు మించిన ద్రవం ఉంటుంది. ఆ భారం కంప్రెసర్ మీద పడుతుంది.

అందుకే శిక్షణ పొందినవారు ముందు శుభ్రం చేస్తారు, ఆ తర్వాతే కొలుస్తారు. శుభ్రం చేయడంలోనూ పద్ధతి ఉంది. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో విద్యుదావేశం నిలిచి ఉంటుంది, దాన్ని తొలగించాకే చేయి పెట్టాలి. నీటి ఒత్తిడి ఎక్కువైతే పలుచని అల్యూమినియం రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది. ఘాటైన ఆమ్లంతో కడిగితే లోహం తినేస్తుంది.

గాలిలో కలిసే లెక్క

గ్యాస్ విషయంలో పొరపాటు ఆ ఇంటితోనే ఆగదు. పాత ఏసీల్లోని ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద 2030 నాటికి దీని వాడకానికి దాదాపుగా స్వస్తి పలకాలి. కిలో ఆర్-22 గాలిలో కలిస్తే నూరేళ్లలో సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడిని పట్టి ఉంచుతుంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-32 ఓజోన్‌కు హాని చేయదు, వేడి పట్టే గుణం కూడా సుమారు 675 రెట్లే. కానీ అది కొంతమేర మండుతుంది. కొన్ని ఏసీల్లో వాడే ప్రొపేన్ (ఆర్-290) అయితే తేలిగ్గా అంటుకుంటుంది. నిన్నటి అలవాటుతో వెల్డింగ్ మంట వెలిగించిన మెకానిక్ ప్రాణానికే ముప్పు.

అమెరికాలో శీతలీకరణ వాయువులున్న యంత్రాన్ని విప్పాలంటే 1994 నుంచి ధ్రువపత్రం తప్పనిసరి. మన దేశంలో 2019లో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక, 2022-23 నాటికి లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువీకరణ అందించాలని లక్ష్యం పెట్టుకుంది. పదో తరగతి పాసైనవారికి ఐటీఐల్లో రెండేళ్ల రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు ఉంది. బడి వదిలి పనిలోనే పని నేర్చినవారికి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో 'పూర్వ అభ్యసన గుర్తింపు' అనే దారి ఉంది. చేతిలో ఉన్న పనితనాన్ని పరీక్షించి, లోటున్న చోట కొంత శిక్షణ ఇచ్చి పత్రం అందిస్తారు.

రైలు ఊరికి తెలిసిన పాఠం

ఈ పద్ధతి ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వర్క్‌షాప్ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. రైల్వేలో ఫిట్టరు పై గ్రేడుకు వెళ్లాలంటే ట్రేడ్ టెస్ట్ నెగ్గాలి. "నాకు పని వచ్చు" అంటే చాలదు, చేసి చూపాలి. రైలు పెట్టె మీద చేయి వేయడానికి ఉన్న ఆ నియమం, ఇంటి గోడ మీది ఏసీ దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. ఆ పరీక్ష లేకపోవడం వల్ల ఎక్కువ నష్టపోయేది మెకానిక్కే. బాగా పని తెలిసినవాడికీ తెలియనివాడికీ వీధిలో ఒకే రేటు.

ఇంటివారు చేయగలిగిందీ ఉంది. ఎండాకాలంలో రెండు వారాలకోసారి ఫిల్టరు కడిగి ఆరబెట్టుకోవచ్చు. మెకానిక్ గ్యాస్ నింపాలంటే, "కాయిల్ శుభ్రం చేశాక కొలిచారా? ఎక్కడ కారుతోంది?" అని అడగవచ్చు. పని తెలిసినవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. కారే చోటు చూపించి మరీ జవాబు చెబుతారు.