పాటకు చోటిచ్చిన గిటార్

స్టీవ్ క్రాపర్ (1941–2025) సెషన్ గిటారిస్ట్. రికార్డింగులో గాయకుడి వెనక కూర్చుని వాయించడం ఆయన వృత్తి. ఆ గాయకులు పాడిన పాటల్లో కొన్నింటిని వాళ్లతో కలిసి కట్టింది కూడా ఆయనే. 1960ల అమెరికన్ సోల్ సంగీతపు తీరును మలిచిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

మిస్సోరీ రాష్ట్రంలో పుట్టిన క్రాపర్ తొమ్మిదేళ్ల వయసులో కుటుంబంతో మెంఫిస్‌కు వచ్చాడు. అక్కడ జిమ్ స్టీవర్ట్, ఎస్టెల్ ఆక్స్‌టన్ అనే తమ్ముడూ అక్కా ఒక పాత సినిమా హాలును స్టూడియోగా మార్చి స్టాక్స్ సంస్థను నడిపేవారు. హాలు ముందు భాగంలో రికార్డుల దుకాణం. క్రాపర్ అందులో పనిచేస్తూనే స్టూడియోలో వాయించేవాడు. ఆయన సభ్యుడిగా ఉన్న మార్-కీస్ బృందానికి 1961లో ‘లాస్ట్ నైట్’ హిట్ దక్కింది.

మరుసటి ఏడు, ఆయన గిటారిస్టుగా ఉన్న బుకర్ టి అండ్ ది ఎంజీస్ బృందం ‘గ్రీన్ ఆనియన్స్’ వెలువరించింది. స్టూడియోలో ఖాళీ దొరికినప్పుడు పుట్టిన బాణీ అది. బృందంలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించేవారు. వర్ణ వివక్ష చట్టంగా ఉన్న ఊళ్లో అది మామూలు సంగతి కాదు. స్టాక్స్ గాయకుల రికార్డింగులకు ప్రధాన వాద్య బృందమూ వీళ్లే.

క్రాపర్ సుదీర్ఘమైన సోలోల జోలికి పోయేవాడు కాదు. టెలికాస్టర్ గిటార్ మీద పొట్టి, పదునైన మీటులు వేసి, గొంతు వచ్చేసరికి తప్పుకునేవాడు. పాట కట్టడం తెలిసినవాడికే అబ్బే నిగ్రహమిది. 1965లో విల్సన్ పికెట్‌తో ‘ఇన్ ది మిడ్‌నైట్ అవర్’ను, తర్వాత ఎడ్డీ ఫ్లాయిడ్‌తో ‘నాక్ ఆన్ వుడ్’ను మెంఫిస్‌లోని లొరేన్ మోటెల్ గదుల్లోనే రాశాడు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైంది ఆ మోటెల్‌లోనే.

ఆయన పనిలో మకుటం ‘డాక్ ఆఫ్ ది బే’. ఓటిస్ రెడింగ్ శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఒక పడవ ఇంట్లో మొదలుపెట్టిన పాటను ఇద్దరూ కలిసి పూర్తిచేశారు. రికార్డింగు అయిన కొద్ది రోజులకే, 1967 డిసెంబరు 10న, విమాన ప్రమాదంలో రెడింగ్ మరణించాడు. ఆ దుఃఖంలోనే క్రాపర్ పాటను మిక్స్ చేసి, అలల హోరు, సముద్రపక్షుల అరుపులు చేర్చాడు. 1968 మార్చిలో అది బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. గాయకుడు పోయాక ఒక పాట ఆ స్థానం అందుకోవడం అదే తొలిసారి. ఇద్దరికీ గ్రామీ వచ్చింది.

1970లో స్టాక్స్‌ను వదిలాక జాన్ లెనన్, రాడ్ స్టువర్ట్ వంటివారికి వాయించాడు. 1980 నాటి ‘ద బ్లూస్ బ్రదర్స్’ సినిమాలో తెరమీదా కనిపించాడు. 1992లో ఎంజీస్ బృందంతో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 2005లో గీత రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2021లో, ఎనభైల్లో అడుగుపెట్టే వేళ, ‘ఫైర్ ఇట్ అప్’ ఆల్బమ్ తెచ్చాడు. 2025 డిసెంబరు 3న నాష్‌విల్‌లో కన్నుమూశాడు.