సెలవులకు ఏ పుస్తకం తీసుకుపోవాలి?



సంక్రాంతి సెలవులకు లైబ్రరీలో ఒక్కొక్కరికి ఒక్క పుస్తకమే ఇస్తారు. మనిషి దేనికోసం బతకాలి అని వెతికే చిన్న నవలలు మన బీరువాలో మూడు ఉన్నాయి. ఏది తీసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. నేను మూడూ చదివినాను కాబట్టి రాస్తున్నాను.

మొదటిది 'సిద్ధార్థ'. హెర్మన్ హెస్సే 1922లో జర్మన్ భాషలో రాశారు. ఆయన అమ్మగారు పుట్టింది కేరళలోని తలశ్శేరిలో. ఇది బుద్ధుడి కథ అనుకోకండి. ఈ సిద్ధార్థుడు వేరే. బుద్ధుడిని కలుస్తాడు గానీ ఆయన వెంట పోడు, తనంతట తానే తెలుసుకోవాలంటాడు. సన్యాసుల్లో తిరుగుతాడు, తర్వాత వ్యాపారం చేసి డబ్బు సంపాదిస్తాడు. దేంట్లోనూ తృప్తి ఉండదు. చివరికి నది మీద పడవ నడిపే వాసుదేవుడి దగ్గర ఉండిపోయి, నది చెప్పేది వినడం నేర్చుకుంటాడు. మా ఊరికి శబరి దాటి పోవాలి. పడవ నడిపే తాత కూడా తక్కువ మాట్లాడతాడు. అందుకే నాకు బాగా అర్థమైంది. నిదానంగా చదవాలి, తొందరపడితే విసుగు పుడుతుంది.

రెండోది 'ఆల్కెమిస్ట్'. బ్రెజిల్ రచయిత పాలో కొయిలో 1988లో రాశారు. స్పెయిన్ దేశంలో శాంటియాగో అనే గొర్రెల కాపరికి ఈజిప్టు పిరమిడ్ల దగ్గర నిధి ఉన్నట్టు కల వస్తుంది. గొర్రెలు అమ్మి బయలుదేరతాడు. కొత్త ఊళ్ళో డబ్బంతా దొంగ పట్టుకుపోతాడు. గాజు సామాన్ల కొట్లో పనిచేసి మళ్ళీ సంపాదిస్తాడు. నిధి ఎక్కడ దొరికిందో చెప్పను, చదవండి. కానీ ఒక సంగతి నేను ఒప్పుకోను. గట్టిగా కోరుకుంటే లోకమంతా సాయం చేస్తుందంట. మా అమ్మ కూడా చదువుకోవాలని గట్టిగా కోరుకుంది. అప్పుడు మా ఊళ్ళో బడే లేదు.

మూడోది 'జొనాథన్ లివింగ్‌స్టన్ సీగల్'. విమానాలు నడిపిన రిచర్డ్ బాక్ రాశారు. 1970లో అమెరికాలో అచ్చయింది. చాలా చిన్నది, ఫోటోలు కూడా ఉంటాయి. సముద్రపు పక్షులన్నీ తిండి కోసమే ఎగురుతాయి. జొనాథన్ మాత్రం ఇంకా బాగా ఎగరడం నేర్చుకోవాలనుకుంటాడు. గుంపు వెలివేస్తుంది. బాగా నేర్చుకున్నాక తిరిగి వచ్చి మిగతా పక్షులకు నేర్పుతాడు.

మూడు కథల్లోనూ ఇంటికి దూరమైనవాళ్ళే. మనమూ అంతే కదా. సిద్ధార్థుడు తండ్రిని మళ్ళీ చూడనేలేదు. సొంత కొడుకు పారిపోయినప్పుడు ఆ బాధ తెలిసింది. అది చదివితే మా అయ్య గుర్తొచ్చాడు. మూడో తరగతిలో నన్ను హాస్టల్లో దింపి వెనక్కి చూడకుండా పోయినాడు. చాలా రోజులు కోపం ఉండేది. ఏడుపు కనపడకూడదనే చూడలేదేమో అని ఇప్పుడు అనుకుంటున్నాను.

కాబట్టి ఇంటి మీద బెంగ ఉన్నవాళ్ళు 'సిద్ధార్థ' తీసుకోండి. కొత్త చోటంటే భయపడేవాళ్ళు 'ఆల్కెమిస్ట్' తీసుకోండి. ఇంట్లో చదువు మానిపిస్తారేమో అనుకునేవాళ్ళు జొనాథన్‌ని తీసుకుపోయి, అమ్మానాన్నలకు మన భాషలో కథ చెప్పండి. పోయినేడు సెలవులకు పోయిన నా బెంచీవాళ్ళు ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ళ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

లైబ్రరీ పుస్తకం మళ్ళీ అప్పజెప్పాలి. దానికోసమైనా అందరూ తిరిగి రండి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని