పాత పామ్‌కు పరకాయ ప్రవేశం

ఒక రకం ప్రాసెసర్ కోసం తయారైన ప్రోగ్రామ్ మరో రకం ప్రాసెసర్‌పై నడవదన్నది కంప్యూటర్లు పుట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కే. చేతిలో ఇమిడే పరికరాల విషయంలో మాత్రం ఆ చిక్కు మరీ తీవ్రమైంది. ఎందుకంటే పరికరాలు త్వరత్వరగా మారిపోవడమే గాక, వాటిని తయారుచేసిన కంపెనీలు కూడా అంతే వేగంగా చేతులు మారాయి, కొన్ని కనుమరుగయ్యాయి. పరికరం పోయినా అందులోని ప్రోగ్రామ్‌లను బతికించుకోవడానికి ఉన్న మార్గాల్లో ఎమ్యులేషన్ ముఖ్యమైనది. కొత్త యంత్రం అచ్చం పాత యంత్రంలాగే ప్రవర్తించేటట్లు సాఫ్ట్‌వేర్ ద్వారా చేయడాన్ని ఎమ్యులేషన్ అనీ, ఆ పని చేసే ప్రోగ్రామ్‌ను ఎమ్యులేటర్ అనీ అంటారు. మన కథల్లోని పరకాయ ప్రవేశంతో దీనికి పోలిక ఉంది గాని, ఆ కథల్లో ప్రవేశించినవాడికి తాను ఎవరి శరీరంలో ఉన్నాడో తెలుసు. ఇక్కడ ప్రోగ్రామ్‌కు తన శరీరం మారిందన్న సంగతే తెలియకూడదు.

ఈ విద్య ఎంతవరకు ఫలిస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో పరిశీలించడానికి పామ్ పరికరాల చరిత్ర కంటే అనువైన ఉదాహరణ దొరకడం కష్టం. పామ్ కంపెనీలో జెఫ్ హాకిన్స్ రూపకల్పన చేసిన పైలట్ అనే చేతి పరికరం 1996లో అమెరికా విపణిలోకి వచ్చింది. చొక్కా జేబులో పట్టే ఆ పరికరంలో మోటరోలా కంపెనీ వారి డ్రాగన్‌బాల్ ప్రాసెసర్, 160 చుక్కల వెడల్పు, 160 చుక్కల ఎత్తు గల నలుపు తెలుపు తెర, నమూనాను బట్టి 128 లేదా 512 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉండేవి. రెండు చిన్న బ్యాటరీలతో అది వారాల తరబడి పనిచేసేది. తెర కింది భాగంలో పుల్లలాంటి స్టైలస్‌తో గీస్తే, గ్రాఫిటీ అనే సరళ లిపిలోని ఆ గీతలను పరికరం అక్షరాలుగా గుర్తించేది. దాన్ని ఒక ఊయల వంటి పీఠంలో ఉంచి మీట నొక్కితే, అందులోని చిరునామాలు, తేదీలు, చిట్టా కంప్యూటర్‌లోకి చేరేవి. హాట్‌సింక్ అని పిలిచే ఈ పని వల్ల రెండు చోట్లా ఒకే సమాచారం ఉండేది. పామ్ ఓఎస్ అనే ఆ పరికరపు నిర్వహణ వ్యవస్థ కోసం స్వతంత్ర రచయితలు వేల సంఖ్యలో ప్రోగ్రామ్‌లు రాశారు. 1999లో మొదలైన ఎపోక్రటీస్ అనే ఔషధ సూచిక అమెరికా వైద్యుల జేబుల్లోకి చేరింది ఈ పరికరం ద్వారానే. కొత్త ఫోన్లు వచ్చాక కూడా పాత పామ్‌ను వదులుకోలేనివారు అంతమంది ఉండటానికి కారణం యంత్రంపై మోజు కాదు, ఇటువంటి ప్రోగ్రామ్‌లకు అలవాటుపడిన చేయి.

ఎమ్యులేటర్ చేసే పనిని అర్థం చేసుకోవడానికి, తూర్పు ఇండియా కంపెనీ కాలంలో దొరలకూ దేశీయులకూ నడుమ నిలిచిన ద్విభాషిని తలచుకోవచ్చు. పాత ప్రోగ్రామ్‌లోని ప్రతి ఆదేశం డ్రాగన్‌బాల్‌కు తెలిసిన భాషలో ఉంటుంది. నేటి ఫోన్లలోని ఆర్మ్ జాతి ప్రాసెసర్‌కు ఆ భాష రాదు. ఎమ్యులేటర్ ఒక్కొక్క ఆదేశాన్ని తీసుకుని, దాని అర్థం గ్రహించి, అదే ఫలితాన్నిచ్చే పనిని కొత్త ప్రాసెసర్ చేత చేయిస్తుంది. ఒక పాత ఆదేశానికి బదులు అనేక కొత్త ఆదేశాలు ఖర్చవుతాయి కాబట్టి ఈ పద్ధతిలో వేగం తగ్గక తప్పదు. అయితే పైలట్ ప్రాసెసర్ సెకనుకు దాదాపు కోటీ 60 లక్షల స్పందనలతో నడిచేది కాగా నేటి ఫోన్లది దానికి వంద రెట్లకు పైబడిన వేగం కనుక, ఆ నష్టం వాడేవారి దృష్టికి రాదు.

అనువాదం కంటే సూక్ష్మమైన చిక్కు అంకెల వరుసలో ఉంది. మన శాసనాల్లో శకవర్షాన్ని భూతసంఖ్యలతో, అంటే చంద్రుడు ఒకటికి, నేత్రాలు రెండుకు, వేదాలు నాలుగుకు గుర్తుగా చెప్పేటప్పుడు, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి పెద్ద స్థానాలవైపు నడవాలన్నది నియమం. ఆ నియమం తెలియనివారు సంవత్సరాన్ని తలకిందులుగా చదువుతారు. ప్రాసెసర్లలోనూ సరిగ్గా ఇవే రెండు సంప్రదాయాలు ఉన్నాయి. మోటరోలా జాతి ప్రాసెసర్ ఒక పెద్ద సంఖ్యను జ్ఞాపకశక్తిలో పెట్టేటప్పుడు పెద్ద స్థానాన్ని ముందు ఉంచుతుంది. ఆర్మ్ ప్రాసెసర్లు సాధారణంగా చిన్న స్థానాన్ని ముందు ఉంచుతాయి. నాలుగు బైట్లలో రాసిన 1 అనే సంఖ్యను వరుస మార్చకుండా రెండో పద్ధతిలో చదివితే అది 1,67,77,216 అవుతుంది. అందువల్ల జ్ఞాపకశక్తిని ముట్టుకున్న ప్రతిసారీ ఎమ్యులేటర్ ఈ వరుసను గమనిస్తూ ఉండాలి.

ఇక ప్రోగ్రామ్ తన పనులన్నీ తానే చేసుకోదు. తెరపై గీత గీయడం, మీట నొక్కారేమో చూడటం, చిరునామా ఒకటి తీసివ్వడం వంటివాటికి నిర్వహణ వ్యవస్థను పిలుస్తుంది. ఎమ్యులేటర్లు రెండు వర్గాలుగా చీలేది ఇక్కడే. మొదటి వర్గం యంత్రాన్ని మొత్తంగా, ప్రాసెసర్, తెర, గడియారం, మీటలతో సహా, అనుకరించి, దాని మీద అసలు పామ్ ఓఎస్‌నే నడుపుతుంది. ఇందుకు పరికరంలోని శాశ్వత చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ నకలు, అంటే రోమ్ అనబడేది, తప్పనిసరి. రెండో వర్గం ప్రోగ్రామ్ ఆదేశాలను మాత్రమే అనువదించి, అది నిర్వహణ వ్యవస్థను పిలిచినప్పుడల్లా తానే ఆ వ్యవస్థ అన్నట్లు బదులిస్తుంది. మొదటిదానిలో విశ్వసనీయత ఎక్కువ, కానీ రోమ్‌పై కాపీరైట్ ఉంటుంది గనుక న్యాయపరమైన పీటముడి వెంటాడుతుంది. రెండోదానికి ఆ బెడద లేదు. బదులుగా, నియమాలను పక్కనపెట్టి యంత్రాన్ని నేరుగా తాకే కొంటె ప్రోగ్రామ్‌లు దానిపై కుప్పకూలుతాయి.

విశేషమేమిటంటే పామ్ వారే ఒకప్పుడు తమ ప్రోగ్రామ్‌లకు ఎమ్యులేషన్ అవసరాన్ని తెచ్చిపెట్టారు. 2002లో పామ్ ఓఎస్ ఐదో రూపం, దానితో టంగ్‌స్టన్ టీ అనే పరికరం వచ్చినప్పుడు, డ్రాగన్‌బాల్ స్థానంలోకి ఆర్మ్ ప్రాసెసర్ ప్రవేశించింది. పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోకుండా పేస్ అనే అనువాద పొరను కొత్త వ్యవస్థలోనే ఇమిడ్చారు. ప్రోగ్రామ్ ఆదేశాలను ఆ పొర ఒక్కొక్కటిగా అనువదించేది. నిర్వహణ వ్యవస్థకు చెందిన పనులు మాత్రం అనువాదం లేకుండా నేరుగా ఆర్మ్ వేగంతో జరిగేవి. ప్రోగ్రామ్‌లు తమ కాలంలో ఎక్కువ భాగం వ్యవస్థ చేసే పనుల కోసమే వెచ్చిస్తాయి కాబట్టి మొత్తం మీద వేగం తగ్గలేదు. కొనుగోలుదారులలో చాలామందికి తమ చేతిలో ఎమ్యులేటర్ నడుస్తున్నదన్న సంగతే తెలియలేదు. ఎమ్యులేషన్‌కు అంతకంటే గొప్ప కితాబు ఉండదు.

పరాయి వేదికలపై ఇంత సాఫీగా సాగలేదు. జపాన్‌కు చెందిన యాక్సెస్ కంపెనీ, పామ్ ఓఎస్ హక్కులున్న పామ్‌సోర్స్‌ను 2005లో కొని, రెండేళ్లకు నోకియా వారి ఇంటర్నెట్ ట్యాబ్లెట్ల కోసం గార్నెట్ వీఎం అనే ఎమ్యులేటర్‌ను ఉచితంగా విడుదల చేసింది. అంటే వ్యవస్థ యజమానే తన ప్రోగ్రామ్‌లను ఇతరుల పరికరంపై నడిపి చూపించాడన్నమాట. కెనడాకు చెందిన స్టైల్‌ట్యాప్, పైన చెప్పిన రెండో వర్గపు ఎమ్యులేటర్‌ను ముందుగా విండోస్ మొబైల్‌కు, తరువాత సింబియన్‌కు, మరికొన్ని వేదికలకు తయారుచేసింది. ఆపిల్ తన స్టోర్‌లో ఇటువంటివాటిని అనుమతించనందువల్ల, ఐఫోన్‌పై అది కంపెనీ విధించిన తాళాలను తీసేసిన ఫోన్లకే పరిమితమైంది.

వీటిలో ఎక్కువ ఆశ రేపి, తొందరగా ఆరిపోయినది క్లాసిక్. పామ్ కంపెనీ 2009 జూన్‌లో ప్రీ అనే ఫోన్‌తో వెబ్ ఓఎస్ అనే సరికొత్త వ్యవస్థను తెచ్చినప్పుడు, పామ్ ఓఎస్‌తో బంధం పూర్తిగా తెంచుకుంది. మోషన్‌యాప్స్ అనే మరో సంస్థ క్లాసిక్ పేరిట ఎమ్యులేటర్ రాసి దాదాపు 30 డాలర్లకు అమ్మింది. ప్రీ తెర 320 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గలది. అందులో పాత ప్రోగ్రామ్ 320కి 320 చతురస్రంలో కనిపిస్తే, మిగిలిన అడుగు భాగంలో గ్రాఫిటీ రాసే చోటు, మీటల బొమ్మలు అమరాయి. ప్రోగ్రామ్‌లు చక్కగానే నడిచాయి. లోటు వేరేచోట ఉంది. క్లాసిక్ లోపలి చిరునామాల పుస్తకానికీ ఫోన్ చిరునామాల పుస్తకానికీ పొత్తు లేదు; ఒకే ఇంట్లో గోడ కట్టుకుని వేరుపడ్డ రెండు కాపురాల్లా, ఒకదానిలో మార్చినది రెండోదానికి తెలియదు. హాట్‌సింక్‌తో పేరు తెచ్చుకున్న వ్యవస్థకు ఇది పెద్ద వెలితి. 2010లో హెచ్‌పీ కంపెనీ పామ్‌ను కొన్న తరువాత వచ్చిన వెబ్ ఓఎస్ రెండో రూపంలో క్లాసిక్‌కు చోటే దక్కలేదు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో హెచ్‌పీ వెబ్ ఓఎస్ పరికరాల తయారీకే స్వస్తి చెప్పింది. పాత వ్యవస్థను కాపాడవలసిన ఎమ్యులేటర్, తాను ఆశ్రయించిన కొత్త వ్యవస్థ కంటే ముందే పోయింది.

డబ్బుకు అమ్మిన వంతెనలు ఇలా ఒక్కొక్కటే కూలగా, పైసా తీసుకోని వంతెన ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. పైలట్ తొలినాళ్లలోనే గ్రెగ్ హ్యూగిల్ అనే ప్రోగ్రామర్, అమీగా కంప్యూటర్ కోసం అప్పటికే ఉన్న ఎమ్యులేటర్ నుంచి ప్రాసెసర్ భాగాన్ని తీసుకుని, కోపైలట్ అనే ఎమ్యులేటర్‌ను రూపొందించారు. పామ్ కంపెనీ దాన్నే పెంచి పెద్దచేసి, ప్రోగ్రామ్ రచయితలు తప్పులు పట్టుకునేందుకు వీలుగా పామ్ ఓఎస్ ఎమ్యులేటర్ అన్న పేరుతో, ఎవరైనా చదివి మార్చుకోగల మూలరచనతో సహా పంచిపెట్టింది. ఆ మూలరచనే తరువాత ఆండ్రాయిడ్‌పై ఫెమ్ అనే యాప్‌కు ఆధారమైంది. అదే ఇప్పుడు క్లౌడ్‌పైలట్ అనే ఎమ్యులేటర్‌గా బ్రౌజర్ లోపలే నడుస్తున్నది. బ్రౌజర్ ఉన్న ఏ ఫోన్‌లోనైనా పనిచేస్తుంది కనుక దీనికి ఏ స్టోర్ అనుమతీ అక్కరలేదు; ఆపిల్ 2024 ఏప్రిల్‌లో పాత ఆటల ఎమ్యులేటర్లకు తలుపు తీయకముందే ఐఫోన్‌పై పామ్ ప్రోగ్రామ్‌లు ఈ దారిన నడిచాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయం 2022లో పామ్ ప్రోగ్రామ్‌ల భాండాగారాన్ని తెరిచినప్పుడు, వాటిని పాఠకుడు అక్కడికక్కడే నడిపి చూసే వసతి కల్పించింది కూడా క్లౌడ్‌పైలటే.

ప్రోగ్రామ్ నడిచినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. ఆనాటి ప్రోగ్రామ్‌లలో చాలావరకు కొన్నాళ్లు వాడి చూసి, నచ్చితే డబ్బు చెల్లించే తరహావి. చెల్లించినవారికి ఇచ్చే రహస్య సంఖ్యను, వారు హాట్‌సింక్‌లో నమోదు చేసుకున్న పేరును బట్టి లెక్కగట్టేవారు. ఎమ్యులేటర్‌లో ఆ పేరును అక్షరం పొల్లుపోకుండా ఇవ్వకపోతే, సొమ్ము చెల్లించినవారికి కూడా ప్రోగ్రామ్ తలుపు తెరవదు. కొత్తగా కొందామంటే అమ్మిన దుకాణమే లేదు. పామ్‌లోని డేట్‌బుక్ అనే కాలసూచికకు బదులుగా వాడే డేట్‌బీకే రాసిన పిమ్లికో సంస్థ తన లాభాలను గొరిల్లాల సంరక్షణకు వినియోగించేది. అటువంటి సత్సంకల్పం గల సరుకు కూడా ఒక మరచిపోయిన పేరు వల్ల మూగబోవడం విచిత్రమే.

తెలుగు నేలపై పామ్ పరికరాలు అంతగా వ్యాపించకపోయినా, ఈ చిక్కు ఇక్కడివారికి కొత్తది కాదు. మీటల ఫోన్ల కాలంలో జావా ఆటలతో పొద్దుపుచ్చినవారు ఇప్పుడు ఆండ్రాయిడ్‌పై జే2ఎంఈ లోడర్ అనే ఎమ్యులేటర్‌లో వాటినే ఆడుకుంటున్నారు. జావా మొదటి నుంచీ ఏ ప్రాసెసర్‌కూ చెందని కల్పిత యంత్రం కోసం రాసే భాష కనుక అక్కడ అనువాదం సులువు. ఫోన్ అంకెల మీటలను తెరపై అమర్చడమే అసలు కష్టం.

బీరువా అడుగున పాత పామ్ ఉన్నవారు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 2004 ప్రాంతం వరకు వచ్చిన పామ్ పరికరాలు సమాచారాన్ని బ్యాటరీ శక్తితోనే నిలుపుకునేవి కాబట్టి, బ్యాటరీ ఆరిపోయిన పరికరంలో ఇప్పుడు ఏమీ మిగిలి ఉండదు. మిగిలి ఉండేది హాట్‌సింక్ చేసిన పాత కంప్యూటర్‌లోని బ్యాకప్ ఫోల్డర్‌లో, పీఆర్‌సీ, పీడీబీ అన్న తోకలున్న ఫైళ్లలో. మొదటివి ప్రోగ్రామ్‌లు, రెండోవి వాటి సమాచారం. ఆ కంప్యూటర్‌ను పాతసామాన్లవాడికి ఇచ్చేముందు ఆ ఫోల్డర్‌ను వేరుచేసి పెట్టుకుంటే, ఎమ్యులేటర్‌లో అవి మళ్లీ తెరుచుకుంటాయి. తెరుచుకున్న తరువాత అందులోనే కొత్త లెక్కలు రాసుకోవడం మాత్రం అంత తెలివైన పని కాదు. చిరునామాలను, తేదీలను నేటి వ్యవస్థకు తరలించుకోవడమే మేలు. ఎమ్యులేటర్ ఎంత నమ్మకమైనదైతే పాత యంత్రపు పరిమితులను అంత నమ్మకంగా మోసుకొస్తుంది. పామ్ ఓఎస్ సంవత్సరాన్ని 1904 నుంచి లెక్కపెట్టి, దానికి ఏడు బిట్ల చోటు మాత్రమే ఇచ్చింది. ఏడు బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 127. అందువల్ల ఏ ఫోన్‌పై, ఏ బ్రౌజర్‌లో నడిపినా, పామ్ క్యాలెండర్‌లో 2031 డిసెంబరు 31 తరువాత మరో తేదీ లేదు.