దీపం కింద పూయని చామంతి

“దసరా పాయె, దీపావళొచ్చె, ఒక్క మొగ్గ లేదక్కా. ఎవరి దిష్టి తగిలిందో!” అని బొంగులూరులో మా వీధి చివరింటావిడ వాపోతుంటే వెళ్ళి చూశాను. గేటు పక్కన కుండీలో చామంతి గుబురుగా, ఆకు నిగనిగలాడుతూ ఉంది. సరిగ్గా నెత్తిమీద వీధిదీపం. అదే మొక్క పిలక పెరట్లో చీకటిమూలన నాటితే పచ్చగా విరగబూసింది.

దిష్టిని తిట్టి లాభం లేదు. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి పొడుగ్గా ఉండాలి. పగలు ఎక్కువున్నన్నాళ్ళూ ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. శ్రావణ భాద్రపదాలు దాటి పొద్దు తగ్గాకే పూతకొస్తుంది. నడిరేయి దీపం వెలుగుతుంటే పాపం దాని లెక్కలో ఇంకా వేసవే! మొక్కలు ఇలా పగలూ రాత్రీ కొలుచుకుంటాయని 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చారు. పెద్ద పూలతోటల వాళ్ళు ఈ గుట్టుతోనే బతుకుతున్నారు. పూత ఆలస్యం కావాలంటే రాత్రి బల్బులు, తొందరగా కావాలంటే సాయంత్రమే నల్లగుడ్డ.

సాగర్ రోడ్డును ఔటర్ రింగ్ రోడ్డు దాటే మా ఊళ్ళో చేలు ప్లాట్లవుతున్నాయి. ప్లాటు వచ్చిన చోటికి దీపం వస్తుంది. దీపాలు వద్దని ఏ ఆడదీ అనదు, చీకట్లో బస్సు దిగి నడిచిన వాళ్ళకు తెలుసు వాటి విలువ. కుండీ జరిపితే సరి.

చామంతి పుట్టిల్లు తూర్పు ఆసియా. దాని అడవి చుట్టాలు చైనా, జపాన్ కొండవాలుల్లో ఇప్పటికీ పూస్తాయి. చైనాలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చామంతి పండుగ చేసుకుంటారు. అది మన దసరాకు అటూ ఇటుగానే వస్తుంది. జపాన్ చక్రవర్తి ముద్ర పదహారు రేకుల చామంతి. మనకు మాత్రం బతుకమ్మలో ఒక వరస, గుమ్మానికి ఒక దండ.

కొండజాతి కదా, ఏళ్ళ తరబడి బతికే మొక్క. మనమేమో పూలయ్యాక పీకి పారేస్తాం! ఇక నుంచి అలా చేయకండి. పూత అయిపోగానే కాడలు బెత్తెడు ఉంచి కత్తిరించండి. మొదట్లోంచి పిలకలు లేస్తాయి. ఎండలు ముదిరాక నీడకు జరిపి, తడి ఆరకుండా, నీళ్ళు నిలవకుండా చూడండి. తొలకరికి పిలకలు వేర్లతో విడదీసి ఎండ తగిలేచోట నాటండి. నెలకు తల తుంచాలి. మనసొప్పదు గానీ, ఒక్క కొమ్మ నాలుగవుతుంది. ఆగస్టు దాటితే మాత్రం చెయ్యి పెట్టొద్దు, తుంచేది మొగ్గల్నే.