తీరయాత్రలో రాత్రి మజిలీ

యాత్రకు బయలుదేరునాడు మగవారు చూచునది దారి. పిల్లలు కలలు కనునది సముద్రమును గూర్చి. గృహిణి తలపోయునది మాత్రము రాత్రిని గూర్చి. చీకటి పడిన పిమ్మట పెద్దవారిని ఎచ్చట పరుండబెట్టవలెను, బిడ్డకు పాలు ఎట్లు కాచవలెను, తెల్లవారుజామున ఆడువారు ఎక్కడికి పోవలెను అను చింత ఆమెదియే. కావున మజిలీని నిర్ణయించు అధికారము కూడ ఆమెకే యుండవలయునని మా యభిప్రాయము. ఈ యభిప్రాయము మాకొక రాత్రి నేర్పిన పాఠమువలన కలిగినది. ఆ సంగతి సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

కారు వెనుక తగిలించుకొని పోవు ట్రెయిలరు ఇండ్లు ఇప్పుడు మన దేశమునను అక్కడక్కడ కనబడుచున్నవి. రెండు మంచములు, చిన్న వంట బల్ల, నీళ్ల తొట్టి అందులోనే యమర్చియుందురు. అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో ఇట్టి బండ్లు నిలుపుటకే ప్రత్యేకమైన విడిదిస్థలములు గలవు. రాత్రికింత యని రుసుము చెల్లించినచో కొళాయి, విద్యుత్తు, స్నానపు గదులు లభించును. మన దేశమున కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి బండ్ల యాత్రకై యొక విధానమును ప్రకటించినది. మన కృష్ణాతీరమున అట్టి స్థలములు అరుదు గనుక, చోటును మన కన్నులతోనే ఎంచుకొనవలసియున్నది.

అయినను ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి డేరాలతోను, పరివారముతోను కాశికి బయలుదేరి 1831లో తిరిగి వచ్చిరి. వారి కాశీయాత్ర చరిత్రము చదివినవారికి తెలియును: దిగిన ఊరిలో నీటి వసతి యెట్లున్నది, అంగళ్లున్నవా, దిగుటకు తగిన చోటున్నదా యను సంగతులను వారు ఓపికతో వ్రాసికొనుచు పోయిరి. ఈ ప్రశ్నలనే మేమును వేసియుండిన, చెప్పబోవు కష్టము తప్పియుండెడిది.

మొన్నటి సంక్రాంతి సెలవులలో మేము బెజవాడనుండి ట్రెయిలరుతో తీరమునకు పోయితిమి. వెంట మా అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉండిరి. మొదటి సాయంకాలము ఒక తీరమున సరుగుడు తోట ప్రక్కను, ఇసుకమీదనే బండి నిలిపితిమి. ఎదుట సముద్రము, వెనుక చెట్ల నీడ; ఇంతకంటె మంచి చోటు దొరకదని సంతోషించితిమి. పిల్లలు గవ్వలేరుచుండిరి. అత్తగారు మాత్రము బండి దిగక, చేతిలో జపమాల పట్టుకొని కూర్చుండిరి. అలసియున్నారని యనుకొంటిమి.

ప్రొద్దు గ్రుంకు వేళ చేపల గంపతో పోవుచున్న ఒక ముదుసలి ఆగి మమ్ము చూచినది. "ఇక్కడ పడుకోమాకండమ్మా. రేపు అమాస. పోటుకి నీళ్లు ఈ సరుగుళ్లదాకా వస్తయ్యి. పసిబిడ్డలతో ఉన్నారు, మా పాలెంలోకి రండి" అని చెప్పినది. పంచాంగము చూడగా మరునాడు చొల్లంగి అమావాస్యయే. బండి కదల్పబోగా చక్రములు ఇసుకలో కూరుకొనిపోయినవి. పాలెమునుండి ఆరుగురు యువకులు వచ్చి, చక్రముల క్రింద తాటి మట్టలు పరచి బండిని రోడ్డుమీదికి త్రోసిరి. అప్పటికే నురుగు తోట అంచును తాకుచున్నది. పాలెములో తుపాను రక్షణ భవనము ప్రక్కను మెరక నేలపై ఆ రాత్రి గడపితిమి. ఆ ముదుసలి తన ఇంటి మరుగుదొడ్డి చూపి, బిందెతో నీళ్లు తెచ్చి యిచ్చినది.

పిల్లలు నిద్రించిన పిదప అత్తగారు నోరు విప్పిరి. వారు దివిసీమలో పుట్టినవారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి పదేండ్ల పిల్ల. ఆ ఉప్పెనలో పదివేలకు మించి జనము మడిసిరి. "సముద్రపు టొడ్డున నేను నిదురపోలేనమ్మా. పిల్లల సంబరము చెడగొట్టనేల యని ఊరకుంటిని" అని వారనిరి. మేము దారి వారిని వీరిని అడిగితిమి గాని, బండిలోనే యున్న ఆమెను ఒక్కమాటయు అడుగమైతిమి. ఆ రాత్రి మాకు కలిగిన సిగ్గు ఇప్పటికిని తీరలేదు.

కనుక మొదటి సూత్రము: బయలుదేరక పూర్వమే ఇంటిలోని పెద్దలను, పిల్లలను కూర్చుండబెట్టి, ఎక్కడ నిదురించుట వారికి భయము, ఏది వారికి అవసరము అని అడుగవలెను. తక్కినవి క్రింద వ్రాయుచున్నాము.

నేల: ఇసుకమీదను, వానపడిన నల్లరేగడిమీదను బండి నిలుపరాదు. డెల్టాలో పెక్కు బాటలు కాలువ గట్లమీదనే పోవును. ట్రెయిలరు త్రిప్పుకొనుటకు చోటుండదు. అందుచే బండిని రోడ్డుమీదనే యుంచి, ఒకరు నడచి ముందుపోయి, త్రిప్పుకొను తావున్నదా యని చూచి రావలెను. సంక్రాంతి దినములలో కళ్లములు విశాలముగ నుండును గాని గడ్డివాముల దాపున పొయ్యి వెలిగింపరాదు. సరుగుడు తోటలో రాలిన యెండుటాకుకు నిప్పురవ్వ చాలును.

నీరు: తీరగ్రామములలో భూగర్భజలము తరచుగ ఉప్పగా నుండును. త్రాగునీటిని పట్టణముననే నింపుకొనవలెను. వేసవిలో కాలువలు కట్టివేయుదురు గనుక స్నానమునకు వానిని నమ్మరాదు. బండిలోని మురుగును కాలువలో వదలుట మహాపాపము. ఆ నీరే దిగువ గ్రామముల చెరువులలో చేరి త్రాగునీరగును.

మరుగు: చీకటి పడకముందే ఆడువారికి మరుగుదొడ్డి యెక్కడనని సిగ్గుపడక అడుగవలెను. సమాధానము దొరకని చోటు ఎంత సుందరమైనను మజిలీకి తగదు. దేవాలయపు సత్రము, పర్యాటక శాఖవారి బస, బంధువుల పెరడు వీనిలో ఏదైనను అనుమతి పొంది దిగుట మేలు.

ఋతువు: మన తీరమునకు తుపానులు రెండు కాలములలో వచ్చును. 2010 మే నెలలో లైలాయు, 2023 డిసెంబరు 5న మిచాంగును బాపట్ల దాపుననే తీరము దాటినవి. సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు యాత్రకు అనువైన కాలము. అప్పుడును వాతావరణ శాఖవారి హెచ్చరికలను, పంచాంగములో అమావాస్య పూర్ణిమలను చూచుకొనవలెను. అంతర్వేది వంటి క్షేత్రములకు పోవువారు భీష్మ ఏకాదశినాటి రథోత్సవపు రద్దీని గూడ తలచుకొనవలెను.

ఈ విధముగ ఆలోచించి, తరువాతి దినములలో మేమొక క్రమము నేర్పరచుకొంటిమి. సముద్రమును పగలు చూచుట, రాత్రి ఊరిలో నిదురించుట. బెజవాడకు ఇంచుమించు డెబ్బది కిలోమీటర్ల దూరమున నున్న మచిలీపట్టణములో రాత్రి యుండి, ఉదయమున మంగినపూడి తీరమునకు పోవచ్చును. దూరము పదునొకండు కిలోమీటర్లే. రెండవ మజిలీ మోపిదేవిలోనో అవనిగడ్డలోనో పెట్టుకొని, హంసలదీవి వేణుగోపాలస్వామిని సేవించి, కృష్ణ సముద్రమున గలియు చోటు చూచి ప్రొద్దుండగనే మరలవలెను. పులిగడ్డ వారధి దాటి రేపల్లెమీదుగ బాపట్ల చేరిన మూడవ మజిలీ యగును. సూర్యలంక తీరమచ్చటికి తొమ్మిది కిలోమీటర్లు. ట్రెయిలరును మజిలీలోనే విడిచి, కారుమాత్రము తీసికొని తీరమునకు పోయిన చక్రములు కూరుకొను భయముండదు.

సూర్యలంకలో నాడు ఉదయమున అత్తగారు తామే బండి దిగి, మోకాలిలోతు నీటిలో నిలిచి, పిల్లల చేతులు పట్టుకొనిరి. రాత్రి ఎక్కడ నిదురింతుమో ముందే తెలిసియుండుటచే వారి ముఖమున భయము కానరాలేదు. మరలివచ్చునప్పుడు ఆ పాలెమున ఆగి, ముదుసలికి ఒక చీర యిచ్చితిమి. ఆమె దానిని పుచ్చుకొని, "ఈసారి ముందుగా మా ఇంటికే రండి" అన్నది. వచ్చే సంక్రాంతికి మా మొదటి మజిలీ అక్కడనే.